రెండు సెల్‌ల మీద నిలిచిన డైరీ

చేతిలో ఇమిడే డిజిటల్ ఆర్గనైజర్లతో నా అనుబంధం స్మార్ట్‌ఫోన్లు రావడానికి చాలా ముందే మొదలై, అవి వచ్చిన తరువాత కూడా కొంతకాలం కొనసాగింది. ఫోన్ నంబర్లు, చిరునామాలు, కలవవలసిన తేదీలు, చేయవలసిన పనులు, దారిలో తట్టిన ఆలోచనలు అన్నీ ఒక్కచోట ఉండి, ఎక్కడికి వెళితే అక్కడికి వెంట రావడం ఆ రోజుల్లో నాకు గొప్ప సౌకర్యంగా, అంతకన్నా గొప్ప ధైర్యంగా ఉండేది. ఒకదాని తరువాత ఒకటిగా రకరకాల ఆర్గనైజర్లు వాడిన మీదట నా మనసులో బలంగా నాటుకున్న అభిప్రాయం ఒకటి ఉంది. వీటి మంచిచెడ్డలు తెర సైజులోనో ప్రాసెసర్ వేగంలోనో కన్నా, మనం రాసినదాన్ని అవి తమ లోపల ఎక్కడ, ఏ రూపంలో దాచుకున్నాయన్న దాంట్లోనే ఎక్కువగా ఉన్నాయి. తట్టిన మాటను వెంటనే రాసుకోగలగడం, రాసుకున్నది ఎన్నాళ్లైనా చెడకుండా ఉండడం అనే రెండు గుణాలూ ఆ దాపరికం మీదే ఆధారపడ్డాయి. ఈ రెండూ ఒకే పరికరంలో సమంగా కుదరడానికి చాలా ఏళ్లు పట్టింది.

నేను మొదట వాడినది డిజిటల్ డైరీ. కాసియో, షార్ప్ వంటి సంస్థలు 1980ల చివర నుంచి వీటిని విరివిగా తయారుచేశాయి. పుస్తకంలా తెరుచుకునే మూత, ఒక వైపు నాలుగైదు వరుసల తెర, మరో వైపు వేలికొనలతో నొక్కవలసిన చిన్న చిన్న మీటలు ఉండేవి. 32 కిలోబైట్లు, 64 కిలోబైట్లు అని వాటి మెమరీ పరిమాణాన్ని పైనే సగర్వంగా ముద్రించేవారు. పేర్లూ నంబర్లూ దాచుకోవడానికి అది నిజంగానే చాలినంత మెమరీ. మూత తెరిచి పేరులోని మొదటి అక్షరాలు నొక్కితే చాలు, ఆ మనిషి నంబర్ కళ్లముందు ఉండేది. పాత ఫోన్ నంబర్ల పుస్తకంలో కొట్టివేతల మధ్య వెతుక్కోవడానికి అలవాటుపడిన నాకు అది ఎంతో హాయిగా తోచింది. అయితే ఆ మెమరీ అంతా ర్యామ్ కనుక, కరెంటు అందినంతసేపే అందులోని సమాచారం నిలుస్తుంది. అందుకని ప్రధాన బటన్ సెల్‌లతో పాటు బ్యాకప్ కోసం ఇంకో సెల్ వేరుగా ఉండేది. రెండింటినీ ఒకేసారి తీయకూడదన్న హెచ్చరిక వెనుక మూత లోపల రాసి ఉండేది. రహస్య విభాగానికి పెట్టుకున్న పాస్‌వర్డ్ మరచిపోతే మొత్తం చెరిపివేయడం తప్ప దారి లేని రకాలూ ఉండేవి. కంప్యూటర్‌కు కలిపే కేబుల్‌ను విడిగా కొనుక్కోవలసి రావడంతో చాలామంది దాని జోలికే పోలేదు. ఆ విధంగా ఎందరి జీవితాలకో సంబంధించిన నంబర్లు ఒక బిళ్ళంత సెల్ మీద, రెండో ప్రతి అన్నది లేకుండా ఉండిపోయాయి.

ఈ సమస్యకు అంతకు ముందే పూర్తిగా భిన్నమైన పరిష్కారం ఒకటి వచ్చిందని తరువాతి కాలంలో చదివి ఆశ్చర్యపోయాను. బ్రిటన్‌కు చెందిన సయాన్ సంస్థ 1984లో విడుదల చేసిన ఆర్గనైజర్‌లోనూ, 1986లో వచ్చిన రెండో తరంలోనూ డేటాపాక్ అనే చిన్న పెట్టెలను పక్కన దూర్చేవారు. వాటిలో ఉన్నది ఈప్రామ్ చిప్. అందులో ఒకసారి రాసింది సెల్ తీసేసినా పోదు. కానీ అందులోంచి ఒక్క పద్దును తుడిచివేసి, ఆ జాగాను తిరిగి వాడుకోవడం కూడా కుదరదు. ఒక చిరునామా మారిస్తే పాతది కొట్టివేసినట్లు గుర్తు పెట్టుకుని, కొత్తదాన్ని చివర రాసేది. అలా నిండిపోయిన డేటాపాక్‌ను మొత్తంగా ఖాళీ చేయాలంటే అతినీలలోహిత కాంతి కింద కొన్ని నిమిషాల పాటు ఉంచాలి. శాశ్వతత్వం కావాలంటే సవరించుకునే స్వేచ్ఛను ఎంతగా వదులుకోవాలో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనిపించలేదు.

ఈ తరహా పరికరాలకు పర్సనల్ డిజిటల్ అసిస్టెంట్ అనే పేరును 1992 జనవరిలో ఆపిల్ అధినేత జాన్ స్కలీ ప్రచారంలోకి తెచ్చారు. మరుసటి ఏడాది వచ్చిన న్యూటన్ మెసేజ్‌ప్యాడ్ చేతిరాతను చదవాలన్న పెద్ద ఆశయంతో వచ్చి, 1998లో నిలిచిపోయింది. దాని గురించి చెప్పుకోవలసింది చాలానే ఉన్నా, నా జేబులోకి వచ్చి స్థిరపడింది మాత్రం దానికన్నా ఎంతో నిరాడంబరమైన, పామ్ అనే సంస్థ చేసిన ఆర్గనైజర్.

పైలట్ అన్న పేరుతో 1996లో వచ్చిన మొదటి పామ్‌లలో ఒకదానికి 128 కిలోబైట్లు, మరొకదానికి 512 కిలోబైట్ల మెమరీ ఉండేది. దాన్ని రూపొందించిన జెఫ్ హాకిన్స్ ముందుగా అదే పరిమాణంలో ఒక చెక్కముక్కను తయారుచేయించి, జేబులో పెట్టుకుని తిరుగుతూ, ఎవరైనా సమావేశానికి పిలిస్తే దాన్ని తీసి పుల్లతో రాస్తున్నట్లు నటించేవాడన్న సంగతి ప్రసిద్ధమే. జేబులోంచి తీసిన మరుక్షణం రాయగలగాలి, రాసి వెంటనే జేబులో పెట్టేయగలగాలి అన్న పట్టుదల ఆ చెక్కముక్క నాటి నుంచీ దాని నిర్మాణమంతటా కనిపిస్తుంది. నా దగ్గరికి కొంత తరువాతి నమూనా వచ్చింది. 160 చుక్కల అడ్డం, 160 చుక్కల నిలువు ఉన్న ఆ చదరపు తెర మీద బొమ్మలు అందంగా ఉండేవని చెప్పలేను గానీ, అక్షరాలు స్పష్టంగా ఉండేవి. తెర కింద గీతల లిపిలో రాయాలి. గ్రాఫిటీ అనే ఆ లిపిలో దాదాపు ప్రతి అక్షరానికీ ఒకే గీత. ‘ఎ’ అక్షరానికి అడ్డగీత అక్కర్లేదు, కొండ ఆకారం గీస్తే చాలు. కొద్ది రోజులకే నా చేయి ఆ లిపికి ఎంతగా అలవాటుపడిందంటే, కాగితం మీద పెన్నుతో రాసేటప్పుడు కూడా అడ్డగీత లేని అక్షరాలే పడేవి.

పామ్‌లో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసిన గుణం దాని తక్షణత్వం. మీట నొక్కగానే తెర వెలిగేది, నిన్న వదిలేసిన చోటే అది నా కోసం సిద్ధంగా ఉండేది. దానికి కారణం అందులో హార్డ్ డిస్క్ గానీ, మనం కంప్యూటర్‌లో ఎరిగిన అర్థంలో ఫైళ్లు గానీ లేకపోవడం. మనం ఎక్కించుకున్న ప్రోగ్రాములూ, రాసుకున్న పద్దులూ అన్నీ ఒకే ర్యామ్‌లో పక్కపక్కనే ఉండేవి. ప్రోగ్రామ్‌ను ఎక్కడినుంచో తెచ్చి మెమరీలోకి ఎక్కించే పని లేదు, అది ఉన్న చోటనే నడిచేది. రాసినదాన్ని సేవ్ చేయడం అనే చర్యే లేదు, అక్షరం పడిన క్షణంలోనే అది దాచబడినట్లు. కేవలం 16 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ అయినా వేచి ఉండవలసిన అవసరం రాకపోవడం వెనుక ఉన్నది ఈ అమరికే. తరువాతి కాలంలో దానికి ఎన్నో రెట్లు శక్తి గల పరికరాలు నా చేతికి వచ్చాయి. అయినా ఎదుటివారు ఫోన్‌లో నంబర్ చెబుతుండగా, వారిని ఆగమనకుండా రాసుకోగలిగిన సుఖం వాటిలో చాలావాటికి లేదు.

ఇదే అమరికలో దాని బలహీనత కూడా ఉంది. తొలి పామ్‌లు రెండు చిన్న మామూలు సెల్‌ల మీద వారాల తరబడి నడిచేవి. సెల్‌లు మార్చేటప్పుడు, కొద్దిపాటి కరెంటును దాచుకునే లోపలి కెపాసిటర్ మెమరీని సుమారు ఒక నిమిషం పాటు కాపాడేది. కొత్త సెల్‌లను ముందే పక్కన పెట్టుకుని, పాతవి తీసి, కొత్తవి పెట్టి, మీట నొక్కి, తెర మీద నా పేర్లన్నీ అలాగే కనిపించేదాకా ఊపిరి బిగబట్టే ఆ నిమిషం ఆనాటి వాడకందార్లందరికీ తెలిసినదే. 1999లో పామ్ ఫైవ్‌తో మొదలై రీచార్జబుల్ బ్యాటరీలు వచ్చాక ఆ గండం తప్పింది గానీ, మరో గండం వచ్చింది. మామూలు సెల్‌లైతే ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. లోపలే బిగించిన బ్యాటరీకైతే దాని చార్జర్, కరెంటు ప్లగ్ రెండూ కావాలి. రంగుల తెర వచ్చాక బ్యాటరీ మరింత తొందరగా అయిపోయేది. తెర వెలగడం మానేసినా మెమరీని మరికొన్ని రోజులు కాపాడేంత శక్తిని పరికరం అట్టిపెట్టుకునేది, ఆ గడువు కూడా దాటితే మాత్రం అంతా పోయినట్లే. మా ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడొకరు ఇంటి పెళ్లిపనుల హడావిడిలో పడి తన ఆర్గనైజర్‌ను సొరుగులో ఉంచి చాలా రోజులకు తిరిగివచ్చారు. చార్జింగ్ పెట్టి ఆన్ చేస్తే, తేదీ సరిచేయమని, స్టైలస్‌తో తెర మీద గురిచూసి నొక్కమని కొత్త పరికరంలా అడిగింది. ఆయన ముఖం పాలిపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అయితే ఆ కథ విషాదాంతం కాలేదు. ఊయల లాంటి స్టాండ్‌లో పరికరాన్ని నిలబెట్టి ఒక్క బటన్ నొక్కగానే, కొద్దిసేపట్లో ఆయన పేర్లూ, తేదీలూ, మెమోలూ కంప్యూటర్‌లోంచి వరుసగా వెనక్కి వచ్చేశాయి. పామ్ పెట్టిన ఈ హాట్‌సింక్ అనే ఏర్పాటే, నా దృష్టిలో, ఆ తరం పరికరాల అసలైన మెమరీ. అది మొత్తం సమాచారాన్ని ఊరికే అటూ ఇటూ కుమ్మరించేది కాదు. ప్రతి పద్దుకూ మారిందా లేదా అన్న గుర్తు ఒకటి పెట్టుకుని, మారిన వాటిని మాత్రమే పంచుకునేది. ఒకే పద్దును ఇక్కడా అక్కడా రెండు రకాలుగా మారిస్తే, ఏది సరైనదో తానే తేల్చేయకుండా రెండింటినీ ఉంచేది. ఈ వినయం నాకు ఎంతో నచ్చేది. పోగలిగే మెమరీని ధైర్యంగా వాడుకోవచ్చు, దానికి రోజూ రెండో ప్రతి తయారవుతూ ఉంటే అన్న ఆలోచన ఆ ఒక్క బటన్‌లో ఉంది. డిజిటల్ డైరీలకు లేనిదీ, వాటి కాలం ముగియడానికి ముఖ్య కారణమైనదీ ఇదేనని నా నమ్మకం.

పరిమితుల గురించి కూడా చెప్పాలి. ఒక మెమోలో సుమారు 4 కిలోబైట్లకు మించి రాయడానికి చాలాకాలం వీలుండేది కాదు. మనం పెట్టుకోగల విభాగాలు 15. పొడవైన వ్యాసం రాసుకోవాలనుకునే వారిని ఈ కట్టడి విసిగించి ఉండవచ్చు. నాకు మాత్రం అది మేలే చేసింది. ఆర్గనైజర్‌లోకి ఏది వెళ్లాలి, ఏది వెళ్లనక్కర్లేదు అని తేల్చుకోవలసి రావడంతో అందులో ఉన్నదంతా పనికివచ్చేదే ఉండేది. వెతికితే దొరికేది కూడా.

2001లో మెమరీ కార్డు పెట్టుకునే నమూనాలు వచ్చాక ఈ కట్టడి సడలింది. పుస్తకాలు, నిఘంటువులు కార్డులో వేసుకోవచ్చు, పరికరం మొత్తాన్ని కార్డు మీదికి బ్యాకప్ తీసుకోవచ్చు. ప్రయాణంలో కంప్యూటర్ అందుబాటులో లేనప్పుడు ఈ బ్యాకప్ విలువ ఇంతా అంతా కాదు. కార్డులోని ప్రోగ్రామ్‌ను నడపాలంటే మాత్రం దాన్ని ముందు ర్యామ్‌లోకి తెచ్చుకోవలసి వచ్చేది కనుక, అంతకుముందు ఎరగని నిరీక్షణ అక్కడక్కడ మొదలైంది.

అసలు మలుపు 2004లో వచ్చింది. టంగ్‌స్టెన్ టి5, ట్రియో 650 పరికరాలతో పామ్ తన సమాచారాన్ని ర్యామ్‌లోంచి ఫ్లాష్ మెమరీలోకి మార్చింది. ఇక బ్యాటరీ పూర్తిగా అయిపోయినా, తీసి పక్కన పెట్టినా అందులోనిది పోదు. ఎన్నాళ్లుగానో కోరుకున్న వరమే ఇది. టి5లో మొత్తం 256 మెగాబైట్లు ఉండడమే కాక, ఏ కంప్యూటర్‌కు తగిలించినా పెన్‌డ్రైవ్‌లా కనిపించేది. పైకి చిన్నగా కనిపించే ఈ సదుపాయం నిజానికి చాలా పెద్దది, ఎందుకంటే అంతకుముందు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌కు ఆర్గనైజర్ అపరిచిత వస్తువే. కానీ ర్యామ్ కోసం పుట్టిన పద్ధతిని ఫ్లాష్ మీదికి తేవడం సులభమైన పని కాదు. పామ్ పద్దులు చాలా చిన్నవి, ఒక్కొక్కటి కొన్ని పదుల బైట్లే ఉండవచ్చు. ట్రియో 650లో మొదట వచ్చిన అమరిక జాగాను 512 బైట్ల గడులుగా పంచింది కనుక, చిన్న పద్దు కూడా నిండు గడిని ఆక్రమించేది. పాత పరికరంలో సరిపోయిన సమాచారం కొత్తదానిలో పట్టకపోవడంతో, సంస్థ వాడకందార్లకు మెమరీ కార్డులు ఇచ్చి, తరువాత సాఫ్ట్‌వేర్ సవరణతో సరిదిద్దవలసి వచ్చింది. అంకెల్లో చూపిన మెమరీ వేరు, అందులో నిజంగా పట్టేది వేరు అన్న సంగతిని చాలామంది అప్పుడే గమనించారు.

ఈ దారిలో చివరిదాకా వెళ్లిన పరికరం 2005 మే నెలలో వచ్చిన పామ్ లైఫ్‌డ్రైవ్. అంతకు కొన్ని నెలల ముందు జపాన్‌లో షార్ప్ తన జౌరస్ వరుసలో 4 గిగాబైట్ల హార్డ్ డిస్క్‌తో ఒక నమూనాను తెచ్చింది. లైఫ్‌డ్రైవ్‌లోనూ అదే పరిమాణంలో, హిటాచీ తయారుచేసిన మైక్రోడ్రైవ్ అనే బుల్లి హార్డ్ డిస్క్ ఉండేది. అంగుళం వెడల్పు పళ్లెం నిమిషానికి 3600 సార్లు తిరుగుతూ, జేబులో పట్టే పెట్టెలో అయస్కాంతపు గుర్తులుగా అంతటి సమాచారాన్ని దాచడం ఇంజనీరింగ్ పరంగా అద్భుతమే. ఐబీఎం 1999లో మొదటి మైక్రోడ్రైవ్‌లను తెచ్చినప్పుడు వాటి పరిమాణం 340 మెగాబైట్లకు మించలేదు. ఫొటోలు, పాటలు, ఆఫీసు కాగితాలు, ఈమెయిళ్లు, వైఫై, బ్లూటూత్, వాయిస్ రికార్డర్, అడ్డంగా తిప్పి చూసుకోగల పెద్ద తెర, ఇవన్నీ ఒకే వస్తువులో పెట్టి, మీ జీవితమంతా ఇందులో పడుతుందని చెప్పారు. ఆ మాటలో అబద్ధం లేదు. నిజంగానే పట్టింది.

అయితే ప్రోగ్రాములూ, సమాచారమూ తిరిగే పళ్లెం మీద ఉన్నప్పుడు, ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకొకదానికి వెళ్లిన ప్రతిసారీ డిస్క్ లేచి, వేగం అందుకుని, చదివి, ర్యామ్‌లోకి చేర్చాలి. 416 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఆ పని అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడవలసిందే. తేదీల పట్టిక తెరవడానికి క్షణాల నిరీక్షణ అంటే పెద్ద కష్టం కాదని పైపైన అనిపిస్తుంది. కానీ ఆర్గనైజర్‌ను రోజుకు ఎన్నోసార్లు, ఒక్కోసారి ఒక్క వాక్యం కోసం తీస్తాం. ఆ వాక్యాన్ని రాయడానికి పట్టే సమయం కన్నా తెరుచుకోవడానికి పట్టేది ఎక్కువైతే, మనిషి క్రమంగా రాయడం మానేసి, తరువాత గుర్తుపెట్టుకుని రాద్దామనుకుంటాడు. అలా అనుకున్నవి ఎన్నటికీ పద్దులోకి చేరవు. దీనికి తోడు తిరిగే డిస్క్‌కు బ్యాటరీ ఎక్కువ కావాలి, పరికరం బరువు 200 గ్రాములకు దగ్గరగా ఉంది, చేయిజారి కింద పడితే చిప్‌కు లేని ప్రమాదం డిస్క్‌కు ఉంది. తొలి పామ్ చేతిలో ఉన్నప్పుడు ఆలోచనకూ అక్షరానికీ మధ్య ఏదీ అడ్డు లేదు. ఈ పరికరంలో 4 గిగాబైట్ల జాగాను ఇచ్చి ఆ దగ్గరితనాన్ని తీసుకున్నారు. పాటలు వినడానికి, ఫొటోలు చూపించడానికి అది ఎంతో బాగుంటుంది. డైరీగా మాత్రం దాని పూర్వీకులకు సాటి రాదన్నది నా తీర్పు.

సాహసం గల కొందరు వాడకందార్లు పెట్టె విప్పి, మైక్రోడ్రైవ్ తీసేసి, అదే సైజులో ఉండే కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డును అమర్చుకుని, పరికరం చురుకుదనం ఎంతగా పెరిగిందో చెప్పుకునేవారు. తప్పు ఆలోచనలో లేదు, అది వచ్చిన కాలంలో ఉందని ఆ ప్రయోగాలు నాకు తేల్చిచెప్పాయి. 2005 సెప్టెంబరులోనే ఐపాడ్ నానో డిస్క్‌ను వదిలి ఫ్లాష్ మెమరీతో వచ్చింది. 2007లో ఐఫోన్ మొదటి రకం 4 గిగాబైట్ల ఫ్లాష్ మెమరీతోనే మొదలైంది. లైఫ్‌డ్రైవ్‌ను ఆ ఏడాది ప్రారంభంలోనే నిలిపివేశారు. రెండేళ్లు ఆగి ఉంటే అదే జాగా, కదిలే భాగం ఒక్కటి లేకుండా, ఎంతో తక్కువ బరువుతో దానికి దక్కేది.

ఈ పరికరాలన్నీ పాతబడ్డాక వాటి మెమరీల మధ్య తేడా మరో విధంగా బయటపడింది. ర్యామ్ మీద నడిచినవాటిని ఏళ్ల తరువాత చార్జ్ చేసి తెరిస్తే కొత్తవాటిలా శూన్యంగా ఉంటాయి. ఫ్లాష్ ఉన్నవి చివరిసారి రాసిన పద్దుతో సహా తెరుచుకుంటాయి. అయితే తెరుచుకున్నంత మాత్రాన సమాచారం చేతికి వచ్చినట్లు కాదు. పామ్ సాఫ్ట్‌వేర్ తన సొంత రూపంలో దాచుకున్న ఫైళ్లను చదవడానికి ఆనాటి ప్రోగ్రామ్ కావాలి, ఆ ప్రోగ్రామ్‌కు ఆనాటి కంప్యూటర్ కావాలి. 2010లో పామ్ సంస్థ హెచ్‌పీ చేతుల్లోకి వెళ్లేనాటికే పాత ఆర్గనైజర్ల తోవ మూసుకుపోయింది. ఇన్‌ఫ్రారెడ్ కిరణం మీద ఒకరికొకరం విజిటింగ్ కార్డులు పంపుకున్న రోజుల్లో వాటికి వాడిన వీకార్డ్ అనే మామూలు టెక్స్ట్ రూపం మాత్రం ఇప్పటి ఫోన్లకూ అర్థమవుతుంది. నా చిరునామాలన్నీ ఆ రూపంలోనే ఒక పరికరం నుంచి మరో పరికరానికి నడిచివచ్చాయి. మెమోలను మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా తీసి ఉంచాను కనుక అవీ చెక్కుచెదరలేదు, విభాగాల పేర్లు మాత్రం పోయాయి. తేదీల పట్టికలో ఏటేటా తిరిగివచ్చేలా పెట్టుకున్న పుట్టినరోజులు ఒక్క ఏడాదికి పరిమితమై వచ్చాయి. వాటిని ఒక్కొక్కటిగా కొత్త ఫోన్‌లో సరిచేస్తూ, చాలాకాలంగా మాట్లాడని కొందరికి ఆ నంబర్లకే ఫోన్ చేశాను. కొన్ని నంబర్లు ఇంకా పలుకుతున్నాయి.